అప్లికేషన్ విండో బొమ్మను పట్టుకోవడం

కంప్యూటర్ తెర మీద నడుస్తున్న ఒక ప్రోగ్రాము విండోను, చుట్టుపక్కల ఉన్నవేవీ రాకుండా, ఇంకో ప్రోగ్రాము బొమ్మగా తీసుకోవడాన్ని విండో క్యాప్చర్ అంటారు. సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే పుస్తకాల్లోని బొమ్మలు, ఆన్‌లైన్ సమావేశంలో ఒక్క విండోను మాత్రమే అవతలివాళ్లకు చూపించే సౌకర్యం, కొత్త వెర్షన్‌లో ఏ బటన్ ఎటు జరిగిందో పాత బొమ్మతో పోల్చి పట్టుకునే టెస్టింగ్ పరికరాలు, అన్నీ ఈ పని మీదే ఆధారపడతాయి.

వాడేవాళ్లకు ఇది ఒక మీట నొక్కితే అయిపోయే పని. ప్రోగ్రాము రాసేవాళ్లకు మాత్రం ఇందులో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ విండో బొమ్మ ఆ క్షణాన ఏ మెమరీలో ఉంది? దాన్ని చదవడానికి ఎవరి అనుమతి కావాలి? మొదటి ప్రశ్నకు జవాబు గ్రాఫిక్స్ వ్యవస్థలు మారినకొద్దీ మారుతూ వచ్చింది. రెండో ప్రశ్నను చాలాకాలం పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఒకే పనికి పది రకాల ఫంక్షన్లు ఉండటం, నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ నల్లటి బొమ్మ ఇవ్వడం చూసి కొత్తవాళ్లు తికమక పడతారు. ఆ తికమక వెనక ఉన్న చరిత్రంతా ఈ రెండు ప్రశ్నలదే.

ఒకే తెర, ఒకే మెమరీ

తొలితరం గ్రాఫికల్ కంప్యూటర్లలో తెర మొత్తానికి కలిపి ఒకే మెమరీ ఉండేది. దాన్నే ఫ్రేమ్ బఫర్ అంటారు. అది బళ్లో పిల్లవాడి చేతిలోని పలక లాంటిది. కొత్తది రాయాలంటే అక్కడున్నది చెరగాల్సిందే. ఒక విండో మీదకి ఇంకో విండో వస్తే కింది విండో తాలూకు పిక్సెళ్లు ఎక్కడా మిగలవు. పై విండో పక్కకు తప్పుకోగానే కింది విండోను ‘ఈ ముక్క మళ్లీ గీసుకో’ అని సిస్టమ్ అడుగుతుంది. విండోస్‌లో ఆ సందేశం పేరు డబ్ల్యూఎం పెయింట్.

ఈ మెమరీలో ఒక దీర్ఘచతురస్రాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి వేగంగా కాపీ చేసే పనికి బిట్‌బ్లిట్ అని పేరు. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆల్టో కంప్యూటర్ మీద స్మాల్‌టాక్ కోసం డాన్ ఇంగాల్స్, డయానా మెరీ తదితరులు 1975లో దీన్ని రాశారు. అక్షరాలు గీయడం, విండోలు జరపడం, మెనూలు తెరిచి మూయడం అన్నీ ఈ ఒక్క ప్రక్రియతో సాధ్యపడ్డాయి. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లోనూ జీడీఐ అనే గ్రాఫిక్స్ విభాగంలో ఇదే పేరుతో ఫంక్షన్ ఉంది. ఇప్పటికీ విండో బొమ్మ తీయడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా మొదట పట్టుకునేది దీన్నే. యాభై ఏళ్లుగా ఒక ఆలోచన ఇలా వాడుకలో నిలబడటం కంప్యూటర్ రంగంలో అరుదు.

మొదటి విండోస్‌లో మామూలు విండోలు ఒకదాని మీద ఒకటి పడేవి కావు, పక్కపక్కనే సర్దుకునేవి. 1987లో వచ్చిన రెండో వెర్షన్‌తో విండోలు ఒకదాన్నొకటి కప్పడం మొదలైంది. బొమ్మ తీసేవాళ్ల కష్టాలూ అక్కడే మొదలయ్యాయి.

జీడీఐ పద్ధతి

విండోస్‌లో ప్రతి విండోకూ హ్యాండిల్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. శీర్షికను బట్టో, వరసగా విండోలన్నిటినీ చూస్తూనో దాన్ని సంపాదించాలి. ఆపైన గెట్‌విండోడీసీ అనే ఫంక్షన్‌తో ఆ విండోకు చెందిన డివైస్ కాంటెక్స్ట్ తీసుకోవాలి. గీతలు గీయడానికీ పిక్సెళ్లు చదవడానికీ సిస్టమ్ ఇచ్చే ఆధారం అది. గెట్‌డీసీ అనే మరో ఫంక్షన్ శీర్షిక పట్టీనీ అంచులనూ వదిలి లోపలి భాగాన్ని మాత్రమే ఇస్తుంది. ఈ రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోకపోతే బొమ్మ కొన్ని పిక్సెళ్లు పక్కకు జరిగి వస్తుంది.

తర్వాత మెమరీలో దానికి జోడుగా ఇంకో కాంటెక్స్ట్, దానికి సరిపడా ఖాళీ బిట్‌మ్యాప్ తయారుచేసి, ఆ బిట్‌మ్యాప్‌ను కాంటెక్స్ట్‌లో ఎంపికచేసి, బిట్‌బ్లిట్‌తో కాపీ చేయాలి. ఇక్కడ ఒక ప్రసిద్ధమైన గొయ్యి ఉంది. జోడు బిట్‌మ్యాప్‌ను తయారుచేసే ఫంక్షన్‌కు విండో కాంటెక్స్ట్ ఇవ్వాలి. పొరపాటున, కొత్తగా చేసుకున్న మెమరీ కాంటెక్స్ట్ ఇస్తే వచ్చే బిట్‌మ్యాప్ నలుపు తెలుపుల్లో ఉంటుంది. కారణం, కొత్త మెమరీ కాంటెక్స్ట్‌లో మొదట ఉండేది ఒకే ఒక్క పిక్సెల్ గల, రంగుల్లేని బిట్‌మ్యాప్. దానికి ‘జోడు’ అడిగితే సిస్టమ్ అలాంటిదే ఇస్తుంది.

పని అయ్యాక తీసుకున్నవన్నీ వెనక్కి ఇవ్వడం ఇంకా ముఖ్యం. ముందున్న బిట్‌మ్యాప్‌ను మళ్లీ ఎంపికచేయాలి, మన బిట్‌మ్యాప్‌ను తొలగించాలి, మెమరీ కాంటెక్స్ట్‌ను తొలగించాలి, విండో కాంటెక్స్ట్‌ను విడుదల చేయాలి. ఒక ప్రాసెస్‌కు జీడీఐ వస్తువుల పరిమితి మామూలుగా 10,000. సెకనుకో బొమ్మ తీస్తూ ఒక్క బిట్‌మ్యాప్‌ను తొలగించడం మరిచిపోయిన ప్రోగ్రాము మూడు గంటలు తిరక్కముందే ఆ హద్దు తాకుతుంది. అప్పటికి దాని సొంత బటన్లు, అక్షరాలు కూడా గీయలేని స్థితికి వస్తుంది. ఈ లోపం టెస్టింగ్‌లో కనిపించదు, మధ్యాహ్నం దాకా నడిపినవాడికే కనిపిస్తుంది.

బిట్‌మ్యాప్ నుంచి పిక్సెళ్లను బయటికి తీసేటప్పుడు మరికొన్ని విచిత్రాలు. విండోస్ బిట్‌మ్యాప్‌లో వరసలు మామూలుగా కింది నుంచి పైకి ఉంటాయి. ఎత్తును రుణ సంఖ్యగా ఇస్తేనే పై నుంచి కిందికి వస్తాయి. రంగుల వరస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ప్రతి వరస పొడవూ నాలుగు బైట్ల గుణిజానికి సర్దుకుంటుంది కాబట్టి, పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన తీసి వెడల్పును మూడుతో గుణించి ముందుకు వెళ్లేవాడికి బొమ్మ వాలుగా చీరుకుపోయి కనిపిస్తుంది. నాలుగు బైట్ల పద్ధతిలో ఆ బాధ లేదుగానీ, పారదర్శకత చెప్పాల్సిన నాలుగో బైటును జీడీఐ చాలాసార్లు సున్నాగానే వదిలేస్తుంది. దాన్ని అలాగే పీఎన్‌జీ ఫైలుగా దాచితే బొమ్మంతా మాయమైనట్టు ఉంటుంది. పిక్సెళ్లు అక్కడే ఉంటాయి, కనపడవు అంతే.

ఇంత చేసినా పాత విండోస్‌లో బిట్‌బ్లిట్ ఇచ్చేది తెర మీద ఆ చోట ఉన్న పిక్సెళ్లనే. ఆ విండో మీద క్యాలిక్యులేటర్ తెరిచి ఉంటే బొమ్మలో క్యాలిక్యులేటర్ కూడా వచ్చేది. విండోస్ 2000లో పారదర్శకంగా ఉండగల లేయర్డ్ విండోలు వచ్చాక చిక్కు తిరగబడింది. ఈసారి తెర మీద కళ్లకు కనిపించేవి బొమ్మలోకి వచ్చేవి కావు. వాటి కోసం క్యాప్చర్‌బ్లిట్ అనే అదనపు సూచన కలపాల్సి వచ్చింది.

వీడియోల సంగతి ఇంకా వింతైనది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో వీడియో ప్లేయర్లు తమ చోట ఒక ప్రత్యేకమైన రంగు పూసి వదిలేవి. ఆ రంగు ఉన్నచోట అసలు వీడియోను గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌కు పంపేటప్పుడు చేర్చేది. కాబట్టి ఫ్రేమ్ బఫర్‌లో వీడియో ఎప్పుడూ లేదు. బొమ్మ తీస్తే ఉత్త రంగు పలక వచ్చేది. ప్లేయర్ నడుస్తుండగానే ఆ బొమ్మను పెయింట్‌లో అతికించి సరిగ్గా అదే చోటికి జరిపితే, ఆ బొమ్మలో వీడియో ఆడుతున్నట్టు కనిపించేది. తెర మీద కనిపించేదీ మెమరీలో ఉన్నదీ ఒకటి కాదని చూపే ఉదాహరణ ఇంతకన్నా మంచిది దొరకదు.

విండోనే గీయమని అడగడం

2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ప్రింట్‌విండో ఫంక్షన్ దారి మార్చింది. తెర మీది పిక్సెళ్ల జోలికి పోకుండా, ‘నీ బొమ్మను ఈ కాంటెక్స్ట్‌లో గీసి ఇవ్వు’ అని విండోనే అడుగుతుంది. మీద ఎన్ని విండోలు కప్పినా ఫరవాలేదు. ఆలోచన చక్కనిది. ఆ రోజుల్లో ఉన్న పద్ధతులన్నిటిలోకీ న్యాయమైనది ఇదే అని నా అభిప్రాయం, ఎందుకంటే బొమ్మ ఎలా ఉండాలో తెలిసిన ప్రోగ్రామే దాన్ని గీస్తుంది.

ఆచరణలో రెండు ఇబ్బందులు వచ్చాయి. గీసే పని అవతలి ప్రోగ్రాముది కాబట్టి అది జవాబివ్వకుండా బిగుసుకుపోతే అడిగిన ప్రోగ్రాము కూడా అక్కడే ఆగిపోతుంది. రెండోది, డైరెక్ట్‌ఎక్స్‌తో నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీద గీసుకునే ఆటలు, బ్రౌజర్లు ఈ అభ్యర్థనను అందుకోలేవు. ఆ చోటు నల్లగా వస్తుంది. విండోస్ 8.1లో దీనికి పూర్తి బొమ్మ అడిగే కొత్త సూచన చేరాక ఈ రెండో బాధ చాలావరకు తగ్గింది. చిన్న పరికరాలకు ఇప్పటికీ అందుబాటులో ఉన్న తేలికైన దారి అదే.

కంపోజిటర్ వచ్చాక

ప్రతి విండోకూ తెరవెనక విడిగా ఒక బఫర్ ఇచ్చి, వాటన్నిటినీ చివర్లో ఒకదానిపై ఒకటి పేర్చి తెర తయారుచేసే ఏర్పాటును కంపోజిటర్ అంటారు. 2001లో మొదటి మ్యాక్ ఓఎస్ టెన్ ఈ పద్ధతిలోనే వచ్చింది. మరుసటి ఏడాది ఆ పేర్పును క్వార్ట్జ్ ఎక్స్‌ట్రీమ్ పేరుతో గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించారు. లైనక్స్ ప్రపంచంలో విండోలను తెర మీద చూపించే ఎక్స్ సర్వర్‌కు 2004లో కంపోజిట్ అనే అనుబంధం చేరింది. విండోస్‌లో 2007లో మార్కెట్‌లోకి వచ్చిన విస్టాతో డెస్క్‌టాప్ విండో మేనేజర్ వచ్చింది. విస్టా, విండోస్ 7లలో దాన్ని ఆపేసే వీలుండేది. విండోస్ 8 నుంచి ఆ వీలు తీసేశారు.

దీంతో మొదటి ప్రశ్నకు జవాబు మారిపోయింది. కప్పబడిపోయిన విండోకు కూడా ఇప్పుడు పూర్తి బొమ్మ ఉంది, కాకపోతే అది తరచుగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఉంది. జీడీఐతో గీసే పాత తరహా విండోను విస్టా తర్వాతి విండోస్‌లో బిట్‌బ్లిట్ చేస్తే, మీద వేరే విండో ఉన్నా అసలు బొమ్మే వస్తుంది. డైరెక్ట్‌ఎక్స్ విండోకైతే నలుపు. ఒకే కోడ్ నోట్‌ప్యాడ్‌తో పనిచేసి బ్రౌజర్‌తో పనిచేయకపోవడానికి మూలం ఇక్కడుంది.

గ్రాఫిక్స్ మెమరీ నుంచి మామూలు మెమరీకి తేవడం ఖర్చుతో కూడిన పని. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు ఉన్న విండోకు పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన సుమారు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 సార్లు తీస్తే దాదాపు 50 కోట్ల బైట్లు. ఒక్క బొమ్మకు ఎవరూ గమనించని ఆలస్యం, వీడియోగా తీసేటప్పుడు యంత్రాన్ని కూలబడేలా చేస్తుంది. అందుకే కొత్త పద్ధతులన్నీ బొమ్మను గ్రాఫిక్స్ మెమరీలోనే టెక్స్చర్‌గా అందిస్తాయి. దాన్ని అక్కడే వీడియో ఎన్‌కోడర్‌కు పంపేస్తే ప్రాసెసర్ ముట్టుకోవాల్సిన అవసరమే ఉండదు.

మినిమైజ్ చేసిన విండోకు మాత్రం కంపోజిటర్ కూడా సాయపడలేదు. విండోస్ అలాంటి విండోను మైనస్ 32,000 అనే స్థానానికి, తెరకు ఎంతో దూరంగా, జరిపేస్తుంది. అది కొత్తగా ఏమీ గీయదు. దాని తాజా బొమ్మ కావాలంటే ముందు దాన్ని తెరవాల్సిందే. టాస్క్‌బార్ మీద మౌస్ ఆనిస్తే కనిపించే చిన్న నమూనాలు చూసి, వాటి దారిలో పిక్సెళ్లు దొరుకుతాయేమో అని ఆశపడేవాళ్లుంటారు. ఆ నమూనాల కోసం సిస్టమ్ ప్రోగ్రాములకు ఇచ్చే ఫంక్షన్ల సమూహం, అంటే ఏపీఐ, మన విండోలో నమూనాను చూపించేలా సిస్టమ్‌ను కోరుతుందే తప్ప పిక్సెళ్లను మన చేతికి ఇవ్వదు.

విండోస్‌లో కొత్త దారులు

2012లో విండోస్ 8తో డెస్క్‌టాప్ డూప్లికేషన్ అనే ఏపీఐ వచ్చింది. ఇది ఒక మానిటర్ మొత్తాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేముగా ఇస్తుంది. ఏ భాగాలు మారాయో, ఏ ముక్క ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో కూడా చెబుతుంది. దూరం నుంచి కంప్యూటర్ నడిపించే సాఫ్ట్‌వేర్లకు ఆ సమాచారం బంగారం, మారిన ముక్కలు మాత్రమే పంపితే సరిపోతుంది కాబట్టి. మౌస్ బాణం గుర్తు విడిగా వస్తుంది, కావాలనుకున్నవాళ్లు గీసుకోవాలి. విండో వరకే కావాలంటే ఇది పనికిరాదు.

ఆ కొరత తీర్చింది విండోస్ గ్రాఫిక్స్ క్యాప్చర్. 2018 ఏప్రిల్ నాటి విండోస్ 10 నవీకరణలో అది వచ్చింది. మొదటి రూపంలో ప్రోగ్రాము తనంతట తాను విండోను ఎంచుకోలేదు. సిస్టమ్ ఒక జాబితా చూపిస్తే వాడేవ్యక్తి ఎంచుకోవాలి. ఎంచుకున్న విండో చుట్టూ పసుపు గీత వెలుగుతుంది, ‘దీన్ని ఎవరో చూస్తున్నారు’ అని చెప్పడానికి. 2019 నాటి నవీకరణతో హ్యాండిల్ ఇచ్చి నేరుగా మొదలుపెట్టే వీలు కలిగింది. విండోస్ 11లో ఆ గీతను తీసేయడానికి ప్రోగ్రాము అనుమతి అడగవచ్చు. మీటింగుల్లో ఆ గీత చిరాకు పెడుతుందని చాలామంది అంటారు. నాకు మాత్రం అది ఉండాల్సిన గీతే అనిపిస్తుంది. తన పని తెర మీద ఎవరో నమోదు చేస్తున్నారని మనిషికి తెలియాలి.

దీన్ని వాడేటప్పుడు ఒక ఫ్రేమ్ పూల్ తయారుచేస్తారు. విండో మారినప్పుడల్లా అందులో డైరెక్ట్‌త్రీడీ టెక్స్చర్ వచ్చి పడుతుంది. ఫైలుగా దాచాలంటే దాన్ని ప్రాసెసర్ చదవగల ఇంకో టెక్స్చర్‌లోకి కాపీ చేసి అప్పుడు చదవాలి. అక్కడ కూడా ఒక వరస పొడవు వెడల్పుకు నాలుగు రెట్లే ఉంటుందని అనుకోకూడదు. గ్రాఫిక్స్ కార్డు తన వీలును బట్టి కొంత ఖాళీ కలుపుతుంది. విండో సైజు మారితే పూల్‌ను కొత్త కొలతతో మళ్లీ తయారుచేయాలి, లేదంటే బొమ్మ కత్తిరించినట్టు వస్తుంది. ఎక్కువ వెలుగు చూపే హెచ్‌డీఆర్ మానిటర్ల మీద మరో మెలిక ఉంది. పిక్సెల్‌లోని ఒక్కో రంగుకు 8 బిట్లే అడిగితే ప్రకాశవంతమైన చోట్లన్నీ తెల్లగా పాలిపోతాయి. 16 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో తీసుకుని, మామూలు వెలుగు పరిధికి మనమే సర్దాలి.

మ్యాక్‌లో

మ్యాక్‌లో ఈ పని చాలాకాలం ఇంతకన్నా సుఖంగా సాగింది. 2007లో లెపర్డ్ వెర్షన్‌తో వచ్చిన సీజీ విండో లిస్ట్ క్రియేట్ ఇమేజ్ అనే ఒక్క ఫంక్షన్‌కు విండో సంఖ్య ఇస్తే చాలు, మీద ఏం కప్పినా, నీడతో సహా బొమ్మ చేతికొచ్చేది. నీడ వద్దంటే ఒక సూచన కలిపితే సరి. వాడేవాళ్లకు కమాండ్, షిఫ్ట్, 4 నొక్కి ఆపైన స్పేస్‌బార్ నొక్కితే మౌస్ కెమెరా గుర్తుగా మారి విండోను ఎంచుకోనిస్తుంది. ఇది ఇప్పటికీ ఉంది.

2019లో కటాలినా వెర్షన్ రెండో ప్రశ్నను ముందుకు తెచ్చింది. సెట్టింగుల్లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వని ప్రోగ్రాముకు ఇతరుల విండోలు కనిపించవు, వాటి శీర్షికలు కూడా దొరకవు. ఫంక్షన్ తప్పు చూపించదు. వాల్‌పేపర్, తన సొంత విండోలు ఉన్న బొమ్మను నిశ్శబ్దంగా ఇస్తుంది. అనుమతి సంగతి తెలియని ప్రోగ్రామర్ తన కోడ్‌లో లోపం కోసం వెతుకుతూ కూర్చుంటాడు.

2022లో మ్యాక్ ఓఎస్ 12.3తో స్క్రీన్‌క్యాప్చర్‌కిట్ వచ్చింది. 2023లో సోనోమాలో దానికి ఒక్క బొమ్మ తీసే సౌకర్యం చేరింది. అదే విడుదలలో పాత ఫంక్షన్‌ను ఇక వాడవద్దని ప్రకటించారు. 2024 నాటి సెక్వోయాలో కొత్తగా రాసే ప్రోగ్రాములకు అది అందుబాటులో లేకుండా పోయింది. సిస్టమ్ చూపే జాబితాను పక్కనపెట్టి తెర చదివే ప్రోగ్రాములకు అనుమతి కొనసాగించాలా అని సెక్వోయా నెలకోసారి మళ్లీ అడుగుతుంది.

ఎక్స్ నుంచి వేలాండ్‌కు

ఎక్స్ విండో సిస్టమ్ 1984లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పుట్టింది. 1987 నాటి పదకొండో వెర్షన్ నేటికీ నడుస్తోంది. అందులో ఎక్స్‌గెట్ఇమేజ్ అనే అభ్యర్థన ఉంది. సర్వర్‌కు కలిసిన ఏ ప్రోగ్రామైనా ఏ విండో పిక్సెళ్లనైనా దీనితో అడగవచ్చు. కప్పిన భాగంలో ఏముంటుందో హామీ లేదు. విండోలో కొంత తెర బయటికి పోయి ఉంటే అభ్యర్థన తప్పుతో తిరిగొస్తుంది. పిక్సెళ్లు సాకెట్ గుండా రావడం నెమ్మది కాబట్టి ఒకే కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఉమ్మడి మెమరీ వాడుకునే అనుబంధం వచ్చింది. కంపోజిట్ అనుబంధం చేరాక విండో తెరవెనక బఫర్‌కు పేరు పెట్టి నేరుగా చదివే వీలు కలిగి, కప్పిన భాగాల బాధ తీరింది.

అయితే ఎక్స్‌లో రెండో ప్రశ్నకు జవాబు భయం పుట్టించేది. ఆటలాడుకునే చిన్న ప్రోగ్రాము కూడా పక్కన తెరిచిన బ్యాంకు పేజీని చదవగలదు, ఎవరికీ తెలియకుండా. ఎక్స్ స్థానాన్ని తీసుకోవడానికి 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ ఈ తలుపు మూసేసింది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాముకు ఇతర విండోలు ఉన్నాయన్న సంగతే తెలియదు. తన విండో తెర మీద ఎక్కడుందో కూడా తెలియదు. బొమ్మ కావాలంటే పోర్టల్ అనే మధ్యవర్తిని అడగాలి. అది వాడేవ్యక్తిని అడుగుతుంది. ఆ వ్యక్తి విండోను ఎంచుకుంటే ఫ్రేములు పైప్‌వైర్ అనే వ్యవస్థ ద్వారా అందుతాయి.

2016లో లైనక్స్ పంపిణీల్లో ఒకటైన ఫెడోరా 25 వేలాండ్‌ను తన మామూలు పద్ధతిగా చేసుకున్నాక, పాత స్క్రీన్‌షాట్ పరికరాలు పనిచేయడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదుల్లో నిజముంది, ఏళ్లతరబడి వాడిన పరికరం ఒక్కసారిగా నల్ల బొమ్మ ఇస్తే ఎవరికైనా కష్టమే. అయినా ఆ నిర్ణయం సరైనదనే చెప్పాలి. ముందు తలుపులన్నీ తెరిచి తర్వాత ఒక్కొక్కటీ మూయడం మ్యాక్, విండోస్ పడిన అవస్థ. మూసి మొదలుపెట్టి అవసరమైనవి తెరవడం నెమ్మదిగా సాగినా నిలకడైన దారి. వేర్వేరు కంపోజిటర్లు సొంతంగా చేసుకున్న క్యాప్చర్ పద్ధతుల స్థానంలో 2024లో వేలాండ్‌కు ఉమ్మడి ప్రోటోకాల్ ఒకటి చేరింది, అందులో విడి విండోలను పట్టుకునే ఏర్పాటు కూడా ఉంది.

కొలతలు, అంచులు, మెనూలు

బొమ్మ వచ్చినా సరిగ్గా రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం కొలతలే. తెరను 150 శాతం పెద్దదిగా చూపేలా పెట్టుకున్న కంప్యూటర్‌లో, డీపీఐ, అంటే ఈ స్కేలింగ్, సంగతి తనకు తెలుసని సిస్టమ్‌కు చెప్పని ప్రోగ్రాముకు విండోస్ సర్దిన కొలతలు చెబుతుంది. నిజానికి 1200 పిక్సెళ్ల వెడల్పున్న విండోను 800 అంటుంది. ఆ లెక్కతో తీస్తే కుడి పక్క, కింది భాగం తెగిపోయిన బొమ్మ వస్తుంది. ఫలితం చూసి నిర్ధారించగలిగే అరుదైన జబ్బుల్లో ఇదొకటి, పై ఎడమ మూల సరిగ్గా ఉండి మిగతాది లేకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. రెటీనా తెరలున్న మ్యాక్‌లలో కూడా పాయింట్లకూ పిక్సెళ్లకూ రెండు రెట్ల తేడా ఉంటుంది.

విండోస్ 10లో విండో సైజు మార్చడానికి పట్టుకునే అంచులు కనిపించవు గానీ ఉంటాయి. మామూలు స్కేలింగ్‌లో ఎడమ, కుడి, కింది వైపుల ఒక్కోటి దాదాపు 7 పిక్సెళ్లు. గెట్‌విండోరెక్ట్ వాటిని కలిపే చెబుతుంది. బొమ్మ చుట్టూ వెనకున్న విండో ముక్క సన్నటి పట్టీగా వచ్చేది అందుకే. కంటికి కనిపించే హద్దులను డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఇంకొకటి చాలామంది గమనించనిది. కిందికి దిగే మెనూలు, మౌస్ ఆనిస్తే వచ్చే చిన్న సూచనలు విండోస్‌లో విడి విండోలు. ఒక ప్రోగ్రాము విండోను మాత్రమే పట్టుకుంటే తెరిచి ఉన్న మెనూ బొమ్మలోకి రాదు. ఆన్‌లైన్ పాఠంలో ‘ఈ మెనూలో మూడోది నొక్కండి’ అని ఉపాధ్యాయుడు చెబుతుంటే పిల్లలకు ఆ మెనూ కనిపించకపోవడం ఇలాగే జరుగుతుంది. పాఠం చెప్పేవాళ్లు విండో బదులు తెర మొత్తాన్ని పంచుకోవడం మేలు.

తెలుగు వచనం ఉన్న విండోల బొమ్మలకు కొంత అదనపు జాగ్రత్త కావాలి. వత్తులు, గుణింతాల కొనలు మామూలు తెర మీద రెండు మూడు పిక్సెళ్ల మందంలో ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన క్లియర్‌టైప్ అక్షరాల అంచులకు ఎరుపు నీలం ఛాయలు కలిపి, ఆ మానిటర్ మీద నున్నగా కనిపించేలా చేస్తుంది. బొమ్మలోకి ఆ ఛాయలు కూడా వస్తాయి. పెద్దది చేసి పుస్తకంలో అచ్చు వేస్తే వత్తుల చుట్టూ రంగు మరకలు కనిపిస్తాయి. జేపీఈజీగా దాచితే అంచుల దగ్గర మసక చేరుతుంది కాబట్టి, ఏ పిక్సెల్‌నూ మార్చని పీఎన్‌జీయే వాడాలి. స్కేలింగ్ పెంచి తీసిన పెద్ద బొమ్మను అచ్చులో చిన్నది చేసుకోవడం, చిన్న బొమ్మను సాగదీయడం కన్నా ఎప్పుడూ మంచిది. బొమ్మగా మారిన తెలుగు వాక్యాన్ని వెతకడం కుదరదు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. వచనం పంపగలిగినచోట బొమ్మ పంపకపోవడమే సరి.

సొంత విండో

తన సొంత విండోనే పట్టుకోవాలనుకునే ప్రోగ్రాముకు ఈ బాధలు చాలావరకు లేవు. గీసే కోడ్ చేతిలోనే ఉంది, తెర బదులు బిట్‌మ్యాప్ మీద గీయించుకుంటే చాలు. క్యూటీలో విడ్జెట్‌కు గ్రాబ్ అనే ఫంక్షన్ ఉంది. డాట్‌నెట్ విండోస్ ఫారమ్స్‌లో డ్రా టు బిట్‌మ్యాప్, డబ్ల్యూపీఎఫ్‌లో రెండర్ టార్గెట్ బిట్‌మ్యాప్ ఉన్నాయి. మినిమైజ్ అయినా, కప్పబడిపోయినా ఇవి పనిచేస్తాయి. డ్రా టు బిట్‌మ్యాప్ మాత్రం రిచ్‌టెక్స్ట్‌బాక్స్ వంటి కొన్ని కంట్రోళ్లను పూర్తిగా గీయదు. జావాలో 2000లో వెలువడిన 1.3 వెర్షన్ నుంచి ఉన్న రోబో క్లాస్ తెర మీది పిక్సెళ్లను చదువుతుంది. కాబట్టి అది సొంత విండో విషయంలో కూడా కప్పిన భాగాలను ఇవ్వలేదు. స్వింగ్‌లో కాంపోనెంట్‌ను మెమరీ బొమ్మ మీద గీయించుకోవడమే అక్కడ సరైన పద్ధతి.

పట్టుకోనివ్వని విండోలు

తన విండో ఎవరి బొమ్మలోనూ పడకూడదని ఒక ప్రోగ్రాము కోరుకోవచ్చు. విండోస్ 7 నుంచి ఇందుకు సెట్ విండో డిస్‌ప్లే అఫినిటీ అనే ఫంక్షన్ ఉంది. మొదట్లో అలాంటి విండో చోట నల్ల దీర్ఘచతురస్రం వచ్చేది. 2020 నాటి విండోస్ 10 నుంచి ఆ విండో అక్కడ లేనట్టే, వెనకున్నది కనిపించేలా చేసే వీలు కూడా ఉంది. ఒక ప్రోగ్రాము తన విండోలకే దీన్ని పెట్టగలదు, ఇతరుల విండోలకు కాదు. మ్యాక్‌లోనూ విండోను ఇతరులతో పంచుకోవద్దని చెప్పే గుణం ఒకటి ఉంది. సినిమాలు అద్దెకిచ్చే సేవల వీడియోలు నల్లగా రావడానికి కారణం వేరు. అక్కడ రక్షిత వీడియో మామూలు ప్రోగ్రాములు చేరలేని మెమరీ దారిలో మానిటర్‌కు వెళ్తుంది.

సెట్ విండో డిస్‌ప్లే అఫినిటీ 2025 మేలో వార్తల్లోకి వచ్చింది. కొన్ని సెకన్లకోసారి తెర బొమ్మ తీసి దాచి తర్వాత వెతుక్కోనిచ్చే రీకాల్ అనే సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ అంతకు ఏడాది ముందు ప్రకటించింది. సందేశాల యాప్ సిగ్నల్ తన సంభాషణలు అందులో పడకుండా విండోస్ 11లో ఈ రక్షణను మొదటి నుంచే పెట్టి విడుదల చేసింది. దానివల్ల చూపు తక్కువైనవారు వాడే కొన్ని పరికరాలకు ఇబ్బంది కలగవచ్చని తెలిసి, కావాలంటే తీసేసుకునే వీలు కూడా ఇచ్చింది. సిస్టమే దాచే తెర బొమ్మల నుంచి మనుషుల మాటలు కాపాడటానికి ఈ సాధనాన్ని వాడాల్సి వచ్చింది. ఎదురుగా ఫోన్ కెమెరా పెట్టి తీసేవాణ్ని మాత్రం ఏ ఫంక్షనూ ఆపలేదు.

తెర లేని చోట

టెస్టింగ్ పరికరాలు చాలాసార్లు మానిటర్ కూడా లేని సర్వర్ల మీద నడుస్తాయి. విండోస్‌లో లాగిన్ అయిన సెషన్ తాళం వేసి ఉంటే, రిమోట్ డెస్క్‌టాప్ సంబంధం తెగిపోయి ఉంటే తెర చదివే పద్ధతులు నల్ల బొమ్మనో తప్పునో ఇస్తాయి. రాత్రి నడిచిన టెస్టులన్నీ తెల్లారేసరికి ఓడిపోయి కనిపించడానికి ఇదొక సాధారణ కారణం. లైనక్స్‌లో దీనికి ఎక్స్‌వీఎఫ్‌బీ అనే సర్వర్ ఉంది. అది మానిటర్ గానీ గ్రాఫిక్స్ కార్డు గానీ లేకుండా మెమరీలోనే ఒక తెరను సృష్టిస్తుంది. ప్రోగ్రాములు తేడా తెలియకుండా దాని మీద విండోలు తెరుస్తాయి, గీస్తాయి. ఒక ఆప్షన్ ఇస్తే ఆ ఫ్రేమ్ బఫర్ మొత్తాన్ని డిస్కు మీద మామూలు ఫైలుగా ఉంచుతుంది. ఆ ఫైలు ఎక్స్‌డబ్ల్యూడీ అనే పాత స్క్రీన్‌షాట్ ప్రోగ్రాము ఫార్మాట్‌లోనే ఉంటుంది కాబట్టి, బొమ్మ తీయడానికి ప్రత్యేకంగా ఏ ఏపీఐనీ పిలవనక్కర్లేదు, ఫైలును కాపీ చేసుకుంటే చాలు.